ఆరో నంబరు నూనె

మా వదిన చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. వంట చేస్తున్నా ఉంటుంది, చుట్టాలింటికి బయల్దేరినా ఉంటుంది. ఫొటో దిగే ముందు ఎవరైనా గుర్తుచేస్తే తీసి సంచిలో వేసుకుంటుంది, ఫొటో అవగానే మళ్లీ చెవి వెనక్కి చేరుతుంది. యార్డులో అందరూ ఆమెను పంతులమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. నిజానికి ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. నదిలోంచి పడవల్ని ఒడ్డుకు లాగే వించ్ నడుపుతుంది.

మాది పడవలు బాగుచేసే యార్డు. అన్నయ్య చెక్కపని చూస్తాడు, నేను మోటార్లూ కరెంటూ చూస్తాను, వదిన వించ్ చూస్తుంది. ఆ వించ్ మా నాన్న పుట్టకముందుది. మేమందరం దాన్ని పెద్దావిడ అంటాం. వించ్ గదిలో సగం దాని ఒళ్లే. మిగతా సగంలో వదిన కూర్చునే ముక్కాలిపీట, నా స్విచ్చిబోర్డు, కిటికీ ఉంటాయి. కిటికీలోంచి చూస్తే నీళ్లలోకి దిగిపోయే ఏటవాలు పట్టాలు, వాటి మీద పడవను మోసే ఇనప బండి కనిపిస్తాయి.

పెద్దావిడ కడుపులో ఉన్నవి రెండే వస్తువులు. ఒకటి మరమేకులా చుట్లు తిరిగిన ఉక్కు కడ్డీ, రెండోది దానికి పళ్లు ఆనించి తిరిగే కంచు చక్రం. మోటారు కడ్డీని తిప్పుతుంది, కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం తాడు చుట్టుకునే డ్రమ్మును తిప్పుతుంది. ఇందులో ఉన్న మహత్యం ఏమిటంటే కడ్డీ చక్రాన్ని తిప్పగలదుగానీ, చక్రం కడ్డీని తిప్పలేదు. మోటారు ఆపేస్తే ఎంత బరువు వేలాడుతున్నా ఎక్కడిదక్కడ నిలబడిపోవాల్సిందే. అందుకే దీన్ని చేసినవాళ్లు బ్రేకు పెట్టలేదు. మేం పెట్టిద్దామంటే చోటు లేదు. బ్రేకు పట్టే జాగాలో వాళ్ల కంపెనీ పేరు ఇంతింత అక్షరాలతో పోతపోసుకున్నారు మహానుభావులు.

ఆ పేరు కింద ఒక ఇత్తడి రేకు ఉంది. "మా సొంత ఆరో నంబరు నూనె మాత్రమే వాడవలెను. వేరొకటి వాడినచో బాధ్యత మాది కాదు" అని దాని మీద ఉంటుంది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆరో నంబరు ఏమిటో, అయిదో నంబరుకూ దానికీ తేడా ఏమిటో చెప్పే నాథుడు లేడు. మా నాన్న ముందుచూపుతో కొనిపెట్టిన పీపాలతో ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం. ఈసారి వానాకాలం ముందు వదిన ఆఖరి పీపాను వంచి, ఇంకాస్త వంచి, చివరికి తలకిందులు చేసింది. డబ్బాలోకి నాలుగు చుక్కలు రాలాయి.

"అయిపోయింది అబ్బాయ్," అంది.

"అయిపోతే ఇంకోటి పోద్దాం. లోకంలో నూనెకు కరువా?" అన్నాను.

వదిన నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. కొత్త వస్తువంటే నేను చెవికోసుకుంటాను, ఆమె పాతది చేతిలోంచి జారనివ్వదు. మేమిద్దరం ఒకే గదిలో ఇన్నేళ్లు పనిచేసి ఇంకా మాట్లాడుకుంటున్నామంటే అది అన్నయ్య చలవే.

అన్నయ్య పని గురించి కూడా చెప్పాలి. పడవ నీళ్లలోంచి పైకి వస్తున్నకొద్దీ దాని బరువు బండి మీద పడుతుంది. పడవకూ బండికీ మధ్య దిగ్గొట్టిన చెక్క చీలలు అప్పటిదాకా బిగువుగా ఉన్నవి వదులవుతాయి. దారి మధ్యలో వించ్ ఆపి, ఎవరో ఒకరు పడవ కిందికి దూరి వాటిని సమ్మెటతో బిగించాలి, లేకపోతే పడవ పక్కకి ఒరుగుతుంది. ఆ ఎవరో ఒకరు మా అన్నయ్య. ఇంకొకర్ని దూరనివ్వడు. ఆ సమయంలో బండి వెనక్కి జారిందంటే ఆయన తప్పుకునే దారి లేదు.

అందుకే వదిన సుద్దముక్క. వించ్ ఆగగానే ఆమె లేచి, తిరిగే డ్రమ్ము అంచు మీదా, దాని పక్కన కదలని చట్రం మీదా కలిసేలా ఒక గీత గీస్తుంది. డ్రమ్ము వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. అన్నయ్య కింద నుంచి "గీత?" అని అరుస్తాడు. ఆమె కాసేపు చూసి "ఉంది" అంటుంది. అప్పుడే ఆయన తల లోపల పెడతాడు. కాపురం మొదలైన నాటినుంచీ వాళ్లిద్దరి మధ్య ఇంతకంటే తక్కువ మాటలతో తేలిన విషయం ఇంకోటి లేదని నేను ఏడిపిస్తుంటాను.

సరిగ్గా పీపా అయిపోయిన రోజుల్లోనే లాంచీ సరంగు పరిగెత్తుకొచ్చాడు. అవతలి ఒడ్డుకు జనాన్ని చేరవేసే పెద్ద లాంచీ ఆయనది. అడుగున చెక్క విడిపోయి నీళ్లు తాగుతోంది. పంపు ఆపితే మునిగేలా ఉంది. నది పొంగకముందే పైకి లాగకపోతే ఇక లాంచీ లేదన్నాడు. మా దగ్గరకు వచ్చినవాటిల్లో అంత బరువైన పడవ ఇంకోటి లేదు.

నూనెల కంపెనీలో పనిచేసే ఇంజనీరు ఒకాయనకు కబురు పెట్టాం. కుర్రవాడేగానీ మంచి పనిమంతుడు. వస్తూనే చొక్కా చేతులు మడిచి, పెద్దావిడ మూత తీయించి, టార్చి వేసి కంచు చక్రాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత అందమైన చక్రాన్ని నేను పుస్తకాల్లోనే చూశానండీ," అన్నాడు. ఆ ఒక్క మాటతో వదిన మనసు దోచేశాడు. ఆయనకు టీ వచ్చింది, నాకు రాలేదు.

ఆయన రెండు రకాల నూనెలు ఇచ్చి వెళ్లాడు. ఒకటి బరువు లారీల గేర్లలో పోసేది, ఘాటుగా అగ్గిపుల్ల వాసన వేస్తుంది. రెండోది కొత్తరకం, భూమిలోంచి తోడింది కాదు, ప్రయోగశాలలో తయారుచేసింది. లేత బంగారు రంగులో అద్దంలా ఉంది. చూడగానే నాకు నచ్చేసింది.

"ఇదే పోసేద్దాం," అన్నాను.

"పోద్దాంలే. ముందు దీని బుద్ధి చూడనీ," అంది వదిన.

ఎప్పుడో విరిగిన కంచు బుష్షు ఒకటి ఆమె దాచిపెట్టింది. దాన్ని రంపంతో ముక్కలు కోసి, గరుకు కాగితంతో రుద్ది, దారం కట్టి, రెండు గాజు సీసాల్లో ఆ నూనెల్లో వేలాడదీసింది. సీసాలకు వెచ్చదనం ఉండాలని పొయ్యి పైనున్న అరలో పెట్టింది. అటు ఉప్పు డబ్బా, ఇటు పంచదార డబ్బా, మధ్యలో గేరు నూనె! అన్నయ్య ఒక పొద్దున ఆ బంగారు సీసాను తేనె అనుకుని రొట్టెముక్క ముంచాడు. అదృష్టం బాగుండి నోట్లో పెట్టుకునేలోగా దారానికి వేలాడుతున్న కంచు ముక్క పైకి వచ్చింది.

"ఏమోయ్, దీన్ని మింగితే నేను కూడా కిర్రుమనకుండా నడుస్తానా?" అన్నాడు.

"మీరు నడవడం తర్వాత. నా ముక్క దానిలో పెట్టండి," అంది వదిన.

వారం తిరిగేసరికి తేలిపోయింది. లారీ నూనెలోని ముక్క మాడిన పెనంలా నల్లబడింది. గోటితో గీరితే పొడి రాలింది. అందులో ఉన్న గంధకం ఉక్కుకు మేలు చేస్తుందిగానీ కంచును తినేస్తుందని ఇంజనీరు చెప్పాడు. బంగారు నూనెలోని ముక్క మాత్రం అప్పుడే రుద్దినట్టు తళతళలాడుతోంది. నేను గాల్లో తేలిపోయాను. సీసాను కిటికీ దగ్గర పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాను.

ఇక పెద్దావిడకు కొత్త నూనె పోశాం. ఇసుక నింపిన పాత పంటు పడవను బండి మీదకు ఎక్కించి, కింద ఎవరూ లేకుండా పరీక్ష మొదలుపెట్టాం. ఏమని చెప్పను! పాత నూనెతో బరువు లాగితే ఆవిడ ఒళ్లు చెయ్యి ఆనించలేనంత కాలిపోయేది. ఇప్పుడు అరచేయి మొత్తం ఆనించి నిలబడ్డాను. ఎప్పుడూ ఉండే మూలుగు లేదు. మోటారు తాగే కరెంటు తగ్గింది, మీటరు ముల్లే సాక్ష్యం. ఇంజనీరు, నేను ఒకరి భుజం ఒకరం చరుచుకున్నాం.

పంటు సగం దూరం వచ్చాక వదిన చెయ్యెత్తింది. మోటారు ఆపాను. ఆమె గీత గీసింది. బయట నుంచి అన్నయ్య అలవాటుగా, నవ్వుతూ "గీత?" అని అరిచాడు.

"ఉంది," అంది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమండీ, బండికి దూరంగా నిలబడి ఆ పట్టాను సమ్మెటతో కొట్టండి. కింద చీలలు కొట్టినట్టే కొట్టండి," అంది.

ఆయన కొట్టాడు. దెబ్బ దెబ్బకీ గది నేల సన్నగా అదిరింది. కొంతసేపటికి ఆయన ఆపి మళ్లీ అడిగాడు. "గీత?"

వదిన గీత మీదకు ఇంకాస్త వంగింది.

నేనూ వంగి చూశాను. డ్రమ్ము మీది గీతకూ చట్రం మీది గీతకూ మధ్య బియ్యపుగింజంత తేడా ఉంది.

"తాడు సాగి ఉంటుంది వదినా. కొత్త తాడు కదా," అన్నాను.

"తాడు సాగితే బండి కదులుతుంది. డ్రమ్మెందుకు కదులుతుంది?" అంటూ వెళ్లి, ఉక్కు కడ్డీ బయటికి వచ్చిన కొస మీద ఇంకో గీత గీసింది. "మళ్లీ కొట్టండీ!" అని కేక వేసింది. ఈసారి నేనూ, ఇంజనీరూ మోకాళ్ల మీద కూర్చుని చూశాం. సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా కడ్డీ నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా వెనక్కి తిరుగుతోంది. చక్రం కడ్డీని తిప్పుతోంది! మేం పుట్టినప్పటినుంచీ జరగదని చెప్పుకుంటున్నది మా కళ్ల ముందే జరుగుతోంది.

ఇంజనీరు తల పట్టుకుని, వెంటనే జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేసుకున్నాడు. "అమ్మా, మీరు చూసింది నిజం. ఈ కడ్డీ బరువును ఆపేది ఆ పళ్ల మధ్య ఉండే రాపిడే. నేను రాపిడి తగ్గించే నూనె తెచ్చాను. మరీ మంచి నూనె తెచ్చాను. అదురు లేకపోతే నిలబడుతుంది, అదిరితే జారుతుంది," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో చిన్నబోవడం లేదు, ఏదో దొరికినవాడి వెలుగు ఉంది. "మీకు సమ్మెటతో కొట్టించాలని ఎలా తోచిందమ్మా?"

"ఎలా తోచడమేంటయ్యా? కింద ఉండేది మా ఆయన. ఆయన ఊరికే కూర్చోడుగా, కొడతాడుగా," అంది వదిన.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అంత చల్లగా, అంత మెత్తగా నడిచిన యంత్రం! "బియ్యపుగింజంత జారుడుకు ఇంత మంచి నూనె పారబోస్తారా? బండి వెనక ఒక దుంగ అడ్డం పెడితే పోలా?" అని ఒంటికాలి మీద లేచాను.

వదిన కోప్పడలేదు. "ఇసుకకు ఇంత జారింది. లాంచీకి ఎంత జారుతుందో నువ్వు చెప్పగలవా అబ్బాయ్? చెప్తే ఉంచేద్దాం," అంది.

నూనె తీసేశాం. ఆ రోజు నాకు ఆమె మీద కోపం ఎంత వచ్చిందో, ఆశ్చర్యం కూడా అంతే వేసింది. అందరం యంత్రాన్నే చూస్తున్నప్పుడు ఆమె ఒక్కతే మనిషిని చూసింది.

మూడో నూనె వెతికి తెచ్చిన ఘనత ఇంజనీరుదే. పాత ఆవిరి ఇంజన్లను ముచ్చటకోసం నడుపుకునేవాళ్లు ఎక్కడో ఉన్నారని విని, వాళ్లను పట్టుకుని, స్వయంగా డబ్బా మోసుకొచ్చాడు. ఆవిరి ఇంజన్ల సిలిండర్లలో పోసే నూనె. నల్లటి పచ్చ రంగు, పాకంలా చిక్కన. అందులో కాస్త జంతువు కొవ్వు కలుపుతారట. అది కంచును పట్టుకుని వదలదట, అరుగుదల రానివ్వదట, అలాగని మరీ జారనివ్వదట.

వదిన మూత తీసి వాసన చూసి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మామగారి చొక్కా వాసన," అంది.

నేనూ చూశాను. నిజమే. సాయంత్రం నాన్న ఇంటికొచ్చి మమ్మల్ని ఎత్తుకుంటే వచ్చే వాసన. ఆరో నంబరు అదో, దానికి వేలువిడిచిన చుట్టమో. ఇక పోసేయడమే అనుకుని గరాటు అందుకున్నాను.

"ఆగు. వాసన బాగుంటే చాలనుకుంటే అత్తరే పోయొచ్చు," అని కళ్లు తుడుచుకుని, సీసా అడిగింది.

మళ్లీ కంచు ముక్క, మళ్లీ పొయ్యి పైన అర. ముక్క రంగు మారలేదు. మళ్లీ ఇసుక పంటు, మళ్లీ సమ్మెట. గీత కదల్లేదు. అన్నయ్య చెయ్యి నొప్పి పుట్టి "ఇక చాలు తల్లీ" అనేదాకా కొట్టించింది. పెద్దావిడ ఒళ్లు వేడెక్కింది, పాత మూలుగు మూలిగింది. ఆ మూలుగు వింటే నాకే ప్రాణం లేచొచ్చింది. ఒక్కటే చిక్కు వచ్చింది. పొద్దున చల్లటివేళ ఆ నూనె గడ్డకట్టినట్టై చక్రం పైదాకా ఎక్కడం లేదు. అది నా ఖాతాలోది. గేరుపెట్టె అడుగున బల్బులు వరసగా అమర్చి, లాగే ముందు వెచ్చబెట్టే ఏర్పాటు చేశాను. వదిన వాటి వెలుగులో పెట్టె చుట్టూ తిరిగి చూసి, "బాగా చేశావు," అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకు పండగే.

లాంచీని లాగే రోజు మబ్బు పట్టింది. నది అప్పటికే రంగు మారింది. సరంగు ఒడ్డున నిలబడి తన లాంచీని కన్నార్పకుండా చూస్తున్నాడు. బల్బులు తీసేశాను, మోటారు వేశాను. పెద్దావిడ మూలిగింది, తాడు బిగిసింది, లాంచీ ముక్కు నీళ్లలోంచి పైకి లేచింది. అంత బరువు మా పట్టాలు ఎన్నడూ ఎరగవు. సగం దూరంలో వదిన చెయ్యెత్తింది. ఆపాను. ఆమె గీత గీసింది.

"గీత?"

"ఉంది."

అన్నయ్య సమ్మెట పట్టుకుని కిందికి దూరాడు. ఆయన కాళ్లు కూడా కనిపించకుండా పోయాయి. దెబ్బలు వినిపించడం మొదలైంది.

లాంచీ కడుపులో నీళ్లు మిగిలి ఉన్నాయని మాకెవరికీ తోచలేదు. పంపు తోడేసిందనుకున్నాం. వాలు మీద నిలబెట్టేసరికి మూలల్లో దాక్కున్న నీళ్లన్నీ ఒక్కసారి వెనక్కి దొర్లాయి. లాంచీ ధడాలున వెనక్కి కూలబడింది. బండి కేకపెట్టింది. తాడు జివ్వుమని మోగి, గది నేల, కిటికీ రెక్కలు, నా పళ్లు అన్నీ అదిరాయి. నా చెయ్యి దానంతటదే స్విచ్చి మీదకు వెళ్లింది. వదిన వెనక్కి తిరగకుండానే అరచేయి చాచింది. ముట్టుకోకు అని. నిజమే, ఆ క్షణంలో మోటారు ఇంకో కుదుపు ఇస్తే లాంచీ ఒరిగిపోయేది.

సమ్మెట చప్పుడు ఆగిపోయింది. ఒడ్డున సరంగు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వదిన ఒక్కతే గీత ముందు వంగి ఉంది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. డ్రమ్ము ఇంకా సన్నగా వణుకుతోంది. ఆ వణుకులో సుద్ద గీత రెండుగా కనిపించింది, మళ్లీ ఒకటయింది. ఆమె రెప్ప వేయలేదు. వణుకు పూర్తిగా ఆగేదాకా చూసింది.

లాంచీ కింద నుంచి గొంతు వినిపించింది. "గీత?"

"ఉంది," అంది వదిన. కూరలో ఉప్పు ఉందా అని అడిగితే చెప్పే గొంతుతోనే.

తర్వాత సమ్మెట మళ్లీ మోగింది. ఒక పక్క చీలలన్నీ కొట్టాడు, రెండో పక్కకి పాకి అవీ కొట్టాడు. తీరిగ్గా, ఎప్పుడూ కొట్టినట్టే. ప్రతి దెబ్బకీ పెద్దావిడ అదిరింది, గీత మాత్రం చెక్కు చెదరలేదు. చివరికి ముందు ఆయన తల, తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు బయటికొచ్చాయి. అప్పుడు వదిన వెనక్కి తడుముకుంటూ వచ్చి ముక్కాలిపీట మీద కూలబడింది.

అన్నయ్య బురద చేతులతో గదిలోకి వచ్చి, ముందు గీత చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. ఆమె గుప్పిలి ఇంకా బిగిసే ఉంది. ఆయన ఒక్కొక్క వేలూ విప్పదీశాడు. సుద్దముక్క లేదు. చెమటతో ముద్దయిపోయిన తెల్లటి పొడి అరచేయి నిండా ఉంది. మా వదినకు భయం అనేది ఉంటుందని నేను చూసింది అప్పుడే. అంత భయాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఆ "ఉంది" అనే మాటను అంత మామూలుగా ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నేనైతే అరిచేవాణ్ణి. నా అరుపు విని ఆయన కంగారుగా తల ఎత్తి లాంచీ అడుగుకు కొట్టుకునేవాడు.

అన్నయ్య తన చొక్కా అంచుతో ఆమె అరచేయి తుడిచాడు.

"అంత కుదుపు వచ్చాక కూడా బయటికి రాకుండా చీలలు కొడుతూ కూర్చుంటారా?" అంది ఆమె. "భయం వేయలేదా మీకు?"

"వేసింది," అన్నాడు అన్నయ్య. "అందుకే అడిగాను. నువ్వు ఉంది అన్నావుగా."

పెట్టెలోంచి కొత్త సుద్దముక్క తీసి వదిన చేతికిచ్చాను. చెవి వెనక పెట్టుకుని, ముఖం తుడుచుకుని, ఇక లాగమని చెయ్యి ఊపింది. నేను మోటారు వేశాను.